సుశ్రుత సంహితలో కర్ణ నాసా కంఠ శస్త్రకర్మలు: యోగ్యావిధి పరిశీలనం

పీఠిక

సుశ్రుత సంహిత అనగానే వైద్యచరిత్రకారులకు మొదట స్ఫురించేది ఛిన్ననాసికా సంధానం. తెగిపోయిన ముక్కును సజీవమైన చర్మమాంసాలతో మరల కల్పించే ఈ ప్రక్రియ సూత్రస్థానంలోని 16వ అధ్యాయం చివర కొద్ది శ్లోకాలలో వర్ణింపబడింది. ఆ కొద్ది శ్లోకాలను గురించి వెలువడిన ప్రశంసలు అసంఖ్యాకం. అయితే అదే స్థానంలో, దానికి ఏడు అధ్యాయాల ముందున్న యోగ్యాసూత్రీయాధ్యాయం అంతటి పరిశీలనకు పాత్రం కాలేదు. శస్త్రవైద్యుడు రోగి శరీరాన్ని తాకడానికి ముందు తన చేతిని ఎట్లా సిద్ధం చేసుకోవాలో చెప్పేది ఈ అధ్యాయమే. 'యోగ్య' అనగా ఇక్కడ కర్మాభ్యాసం. చెవి, ముక్కు, గొంతులకు సంబంధించిన శస్త్రకర్మలను ఈ యోగ్యావిధితో కలిపి చదివినప్పుడే గ్రంథకర్త హృదయం పూర్తిగా తెలుస్తుందని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

శాలాక్యం, శల్యం

ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో శాలాక్యతంత్రం జత్రువుకు, అనగా మెడ యెముకకు, పైనున్న అవయవాల వ్యాధులను వివరిస్తుంది. నేత్ర, కర్ణ, నాసా, ముఖ, శిరోరోగాలు దీనికి విషయం. 'శలాక' అనగా సన్నని పుల్ల. దానితో చేసే కర్మకు ప్రాధాన్యముండడం వలన శాలాక్యమనే పేరు వచ్చింది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో తొలి 19 అధ్యాయాలు నేత్రరోగాలకు, తరువాతి 2 కర్ణరోగాలకు, ఆపై 3 నాసారోగాలకు కేటాయింపబడినవి. కర్ణరోగాలు 28, నాసారోగాలు 31 అని పరిగణన.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. కర్ణనాసలకు సంబంధించిన ప్రధాన సంధానకర్మలు శాలాక్య భాగమైన ఉత్తరతంత్రంలో లేవు. శల్యతంత్రపు మూలసూత్రాలను చెప్పే సూత్రస్థానంలో ఉన్నవి. గొంతుకు సంబంధించిన ఛేదనం చికిత్సాస్థానం 22వ అధ్యాయంలో ముఖరోగ చికిత్సలో ఉన్నది. ఉత్తరతంత్రంలోని కర్ణాధ్యాయాలలో తైలపూరణం, ధూపనం, స్వేదనం, శోధనం వంటి ఉపక్రమాలే అధికం. చెవిలో గూథ, అనగా గుబిలి, గట్టిపడినప్పుడు తైలంతో మెత్తబరచి శలాకతో తీయవలెననడం అందుకు ఉదాహరణ. దీనిని బట్టి చెవి ముక్కుల సంధానకర్మను గ్రంథకర్త ఒక ప్రత్యేక రోగచికిత్సగా కాక, శస్త్రవైద్యునికి కావలసిన హస్తకౌశలానికి నిదర్శనంగా భావించినట్లు ఊహింపవచ్చు. సూత్రస్థానంలోని అధ్యాయక్రమం ఈ ఊహకు బలం చేకూరుస్తుంది.

అధ్యాయక్రమం, యోగ్యాస్థానం

రెండవ అధ్యాయంలో శిష్యోపనయనం, మూడవదానిలో అధ్యయనవిధి, నాలుగవదానిలో చదివినదానికి అర్థవివరణం. ఐదవదానిలో శస్త్రకర్మకు ముందు సమకూర్చుకోవలసిన సామగ్రి, ఎనిమిది విధాలైన శస్త్రకర్మల పరిగణన. ఏడవదానిలో 101 యంత్రాలు, ఎనిమిదవదానిలో 20 శస్త్రాలు. తొమ్మిదవది యోగ్యాసూత్రీయం. పదవదైన విశిఖానుప్రవేశనీయంలో గాని శిష్యుడు వైద్యవృత్తిలో ప్రవేశించడు. దానికి సైతం రాజానుజ్ఞ కావలెను. అనగా గ్రంథం చదవడానికీ, రోగి వద్దకు పోవడానికీ నడుమ కర్మాభ్యాసం తప్పనిసరి ద్వారంగా నిలుపబడింది. శాస్త్రమంతా అధిగమించిన శిష్యునిచేత సైతం యోగ్య చేయింపవలెననీ, ఎంత బహుశ్రుతుడైనా యోగ్య చేయనివాడు కర్మకు అర్హుడు కాడనీ ఆ అధ్యాయారంభంలోనే నిర్దేశింపబడింది.

అభ్యాసద్రవ్యాల పట్టిక ఆంధ్రపాఠకునికి సుపరిచితమైన వస్తువులతో నిండివున్నది. ఛేద్యకర్మను బూడిద గుమ్మడి, సొర, పుచ్చ, దోసజాతి కాయలపై చేయింపవలెను. భేద్యాన్ని నీరు, బురద నింపిన తోలుతిత్తి, జంతువుల మూత్రాశయం వంటివానిపైనా, లేఖ్యాన్ని వెండ్రుకలున్న బిగదీసిన చర్మంపైనా అభ్యసింపవలెను. వేధ్యానికి మృతపశువుల సిరలు, కలువ తూడులు. ఏష్యానికి, అనగా పుల్లతో లోతు వెదకడానికి, పురుగు తొలిచిన కొయ్య, వెదురు, ఎండిన సొరకాయ మూతి. ఆహార్యానికి, అనగా లోపలిదానిని బయటికి తీయడానికి, పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు, మృతపశువుల దంతాలు. విస్రావ్యానికి మైనం పూసిన బూరుగు పలక. సీవ్యానికి, అనగా కుట్టుపనికి, పలుచని, దళసరి బట్టల అంచులు, మెత్తని తోలు అంచులు. కట్టు కట్టడానికి పుస్తమయ పురుషుడు, అనగా మానవాకృతి గల బొమ్మ.

ఈ పట్టికలో ఎనిమిది శస్త్రకర్మలకు తోడుగా కర్ణసంధిబంధం ప్రత్యేకంగా పేర్కొనబడింది. దానిని మెత్తని చర్మమాంస ఖండాలపైనా, కలువ తూడులపైనా అభ్యసింపవలెనని విధి. కట్టు, క్షారాగ్నికర్మలు, బస్తినేత్ర ప్రయోగం వంటి సామాన్యోపక్రమాల సరసన, ఒక అవయవం పేరు చెప్పి దాని సంధానానికి ప్రత్యేక యోగ్యను విధించడం సామాన్యమైన విషయం కాదు. చెవి సంధానం కేవలం ఛేదన సీవనాల మొత్తంగా భావింపబడక, విడిగా నేర్వదగిన కర్మగా గుర్తింపబడినదన్నమాట.

అధ్యాయాంతంలో ఈ ఉదాహరణలన్నిటినీ ఏకం చేసే నియమం చెప్పబడింది. అది సాధర్మ్యం. ఏ కర్మకు ఏ ద్రవ్యంతో గుణసామ్యమున్నదో ఆ ద్రవ్యంపై ఆ కర్మను అభ్యసింపవలెను. ఈ నియమం వలన పట్టిక పరిమితమైనది కాదు. ఇతర కర్మలకు తగిన ద్రవ్యాన్ని ఆచార్యుడు తానే ఎన్నుకొనవచ్చు. తూడు లోపల బోలుగా, పైన సులభంగా చిట్లిపోయేదిగా ఉంటుంది. దాని అంచులను నలగకుండా కలుపగలిగిన వేళ్లకు చెవితమ్మె అంచులు కలపడం అలవడుతుంది.

కర్ణవ్యధనం, కర్ణసంధానం

16వ అధ్యాయం చెవి కుట్టడంతో ప్రారంభమవుతుంది. శిశువునకు ఆరవ లేదా ఏడవ మాసంలో, శుక్లపక్షంలో, రక్షకోసమూ అలంకారంకోసమూ చెవులు కుట్టవలెనని విధి. దాది ఒడిలో శిశువును కూర్చుండబెట్టి ఆటవస్తువులతో మరపించాలి. వైద్యుడు ఎడమచేత చెవిని లాగి పట్టుకొని, సూర్యకాంతి ప్రసరించగా కనిపించే దైవకృత ఛిద్రాన్ని గుర్తించి, కుడిచేత మెల్లగా, తిన్నగా కుట్టవలెను. చెవి పలుచనిదైతే సూది, దళసరిదైతే ఆర ఉపయోగించాలి. మగశిశువునకు ముందు కుడిచెవి, ఆడశిశువునకు ముందు ఎడమచెవి. రక్తం అధికంగా కారినా, నొప్పి మిక్కుటమైనా తగని చోట కుట్టినట్లు తెలుసుకోవాలి. కాలిక, మర్మరిక, లోహితిక అనే సిరలకు దెబ్బ తగిలితే కలిగే ఉపద్రవాలు కూడా చెప్పబడినవి.

ఇక్కడ 'దైవకృత ఛిద్రం' నిజమైన రంధ్రం కాదు. వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు పలుచగా, రక్తనాళాలు లేనిదిగా కనిపించే చోటు. తెలుగునాట తరతరాలుగా చెవులు కుట్టిన కంసాలి చేతికి ఈ చోటు గ్రంథం చదవకయే తెలుసు. ఈ వాక్యాన్ని బోధించే అధ్యాపకుడు ఒక పసివాని చెవితమ్మెను వెలుతురులో చూపించినచో పుటల కొలది వ్యాఖ్యానం చేయలేని పని జరుగుతుంది.

రంధ్రాన్ని పెంచేందుకు వత్తులు క్రమంగా లావు చేస్తూపోగా, బరువైన ఆభరణాల వలన గాని, దెబ్బ వలన గాని చెవితమ్మె రెండుగా చీలవచ్చు. దాని సంధానానికి 15 బంధాలు పేర్కొనబడినవి. నేమిసంధానకం మొదలుకొని అర్ధకపాటసంధికం వరకు గల పది సాధ్యాలు. సంక్షిప్తం, హీనకర్ణం, వల్లీకర్ణం, యష్టికర్ణం, కాకౌష్ఠకం అనే ఐదు అసాధ్యాలు. సాధ్యాసాధ్య విభాగం తమ్మెలో మిగిలిన మాంసం ఎంత, ఏ భాగంలో అనేదాని మీద ఆధారపడినది. అసాధ్యమని తెలిసినదానికి చేయి పెట్టకపోవడం కూడా ఈ విద్యలో భాగమే.

అంచులను గీరి, రక్తస్థితిని పరీక్షించి, ఎగుడుదిగుడు లేకుండా కలిపిన పిమ్మట తేనె, నేతులు పూసి, దూదితో గాని బట్టతో గాని కప్పి, దారంతో మరీ బిగువుగా గాని మరీ వదులుగా గాని కాకుండా కట్టి, పెంకు చూర్ణం చల్లవలెను. ఈ బిగువు వదులుల నడుమనున్న మధ్యస్థితిని ఏ మాటా కొలిచి చెప్పలేదు. బట్ట అంచులపై, తోలు అంచులపై, తూడులపై చేసిన యోగ్య ఈ కొలతను వేళ్లకు అందిస్తుంది.

గండకర్ణబంధంలో మరొక ముఖ్యాంశమున్నది. తమ్మె పూర్తిగా లేనివానికి చెక్కిలినుండి మాంసాన్ని లేపి తమ్మెను కల్పించాలి. ఆ మాంసానికి సానుబంధమనీ, జీవించివున్నదనీ విశేషణాలు. అనగా దానిని మూలంనుండి పూర్తిగా వేరుచేయరాదు. అంటివున్న భాగం ద్వారా అది జీవిస్తూ ఉండాలి. నేటి సంధానశస్త్ర విద్యకు పునాదిగా భావింపబడే ఈ సూత్రం ముక్కు ప్రకరణంలో కాక, ముందుగా చెవి ప్రకరణంలో స్పష్టంగా ఉచ్చరింపబడడం గమనార్హం.

నాసాసంధానం: పాఠవిచారం

నాసాసంధానంలో మొదట ముక్కు ప్రమాణానికి సరిపడే చెట్టు ఆకును తీసుకోవాలి. ఆ కొలతకు గండపార్శ్వం నుండి, అనగా చెక్కిలి ప్రక్కనుండి, చర్మమాంసాలను లేపి, గీరిన నాసికాగ్రంపై ప్రమాదరహితంగా అమర్చి బంధించాలి. శ్వాసమార్గం మూసుకుపోకుండా రెండు నాళాలు నిలిపి, పతంగ, యష్టిమధు, అంజన చూర్ణాలు చల్లి, తెల్లని దూదితో కప్పి, తిలతైలంతో తడుపుతూ ఉండాలి. రోగికి ఘృతపానం విహితం. అతికిన పిమ్మట మిగిలిన అర్ధభాగాన్ని ఖండించాలి. ముక్కు చిన్నదైతే పెంచడానికీ, మాంసం అధికమైతే సమం చేయడానికీ యత్నించాలి. తెగిన పెదవికీ ఇదే విధానం. నాళాలు మాత్రం అవసరం లేదు.

ఇందులోని 'బద్ధ' శబ్దం, అతికిన తరువాత ఖండింపదగిన 'అర్ధశేషం' అనే మాట విడివిడిగా చూసినప్పుడు సందేహానికి తావిస్తాయి. కర్ణప్రకరణంలోని 'సానుబంధ' శబ్దంతో అన్వయించి చదివినప్పుడు అర్థం నిలుస్తుంది: చెక్కిలి మాంసం మూలంతో బంధం కలిగివున్నది; ముక్కుపై అతికిన తరువాత ఆ బంధం ఖండింపబడుతున్నది. చెవిపని ముందు నేర్చినవాడే ముక్కుపని అర్థం చేసుకొనగలడనే క్రమం ఇందులో ఉన్నది.

నుదుటి చర్మం ప్రసక్తి ఈ శ్లోకాలలో లేదు. అష్టాంగహృదయం ఉత్తరస్థానం 18వ అధ్యాయంలో వాగ్భటుడు కూడా కపోలమనే చెప్పినాడు. సుశ్రుతుడు నుదుటి చర్మంతో ముక్కు కల్పించినట్లు పలు వ్యాసాలలో కనిపించే వాక్యం మూలానికి విరుద్ధం. ప్రాచీన విద్యను పొగడే ఉత్సాహంలో మూలంలో లేనిదానిని ఆరోపించడం ఆ విద్యకు మేలు చేయదు.

పాఠనిర్ణయంలోనూ జాగ్రత్త అవసరం. విశేషవ్యాప్తిలో ఉన్న ముద్రితపాఠం యాదవజీ త్రికమజీ ఆచార్య సంస్కరించిన నిర్ణయసాగర ముద్రణం. దానితో డల్హణుని నిబంధసంగ్రహం ముద్రితమైనది. కాఠ్మాండూలోని కైసర్ గ్రంథాలయంలో క్రీ.శ. 878 నాటి తాళపత్రప్రతి ఉన్నది. ఆ నేపాలీ పాఠపరంపరను ఆధారం చేసుకొని ఈ 16వ అధ్యాయానికి ప్రత్యేక సంస్కరణం 2023లో వెలువడినది. ఇకపై ఈ అధ్యాయాన్ని బోధించేవారు ఈ రెండు పాఠాలనూ ఎదురెదురుగా ఉంచుకొనవలసి ఉన్నది.

కంఠశస్త్రం: గలశుండిక

గలశుండిక అనగా తెలుగులో కొండనాలుక వాపు. దీని ఛేదనవిధి చికిత్సాస్థానంలో సంగ్రహంగా ఉన్నా, శస్త్రకర్మలోని ప్రమాదాన్ని దీనికంటె స్పష్టంగా చెప్పిన చోట్లు అరుదు. బొటనవ్రేలు, వ్రేళ్లతో పటుకారువలె పట్టి లాగి, నాలుకపైకి వచ్చినదానిని మండలాగ్ర శస్త్రంతో మూడవ భాగం మాత్రమే కోయవలెను. ఎక్కువ కోసినచో రక్తస్రావంతో మరణం; తక్కువ కోసినచో వాపు, లాలాస్రావం, నిద్ర, భ్రమ మొదలైనవి. ఛేదనానంతరం మిరియాలు, అతివస, పాఠా, వస మొదలైనవాని చూర్ణాన్ని తేనె, ఉప్పులతో కలిపి రుద్దవలెను.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనే తెలుగు సామెత ఈ ప్రమాదజ్ఞానాన్నే మరొక తీరున నిలుపుకొన్నది. మూడవ భాగమనే కొలతను గ్రంథం చెప్పగలిగింది. అయితే తడిగా, జారుతూ, రోగి ఉమ్మివేయబోతూ ఉన్నప్పుడు ఆ మూడవ భాగం ఎక్కడ ఆగుతుందో చేయి తెలుసుకోవాలి. యోగ్యాపట్టికలో గొంతుకు ప్రత్యేక ద్రవ్యం లేదు. సాధర్మ్య నియమంతో ఆచార్యుడు దానిని కల్పించుకోవలసివుంది. శస్త్రకర్మలో చేయి వణకకపోవడం, చెమట పట్టకపోవడం, మనసు తడబడకపోవడం వైద్యగుణాలుగా ఐదవ అధ్యాయంలో లెక్కింపబడడానికి కారణం ఇట్టి సందర్భాలే.

గ్రంథం, హస్తం వేరుపడిన కాలం

1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో ఒక లేఖ ప్రకటితమైనది. ఆంగ్లసైన్యంలో ఎడ్లబండి తోలే కావస్‌జీ అనే మహారాష్ట్రుడు 1792 నాటి యుద్ధంలో టిప్పుసుల్తానుకు బందీగా చిక్కి, ముక్కు, ఒక చేయి పోగొట్టుకొన్నాడు. సుమారు ఏడాది తరువాత పూనా సమీపంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకడు అతనికి ముక్కు కల్పించినాడు. బొంబాయి వైద్యులు థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే దీనిని చూసినారు. మైనపు రేకును ముక్కు ఆకారంలో మలచి, విప్పి నుదుటిపై పరచి, దాని అంచు వెంబడి గీత గీసి చర్మాన్ని లేపి, కనుబొమల నడుమ కొద్ది భాగం అంటివుండనిచ్చి త్రిప్పి అమర్చినాడు. కుట్లు వేయలేదు, నీటితో మెత్తబరచిన కాచు పూసిన గుడ్డపేలికలతో అతికించినాడు. పదవ దినాన ముక్కుపుటాలలో మెత్తని గుడ్డ ఉంచినాడు. సుమారు 25వ దినాన అంటివున్న చర్మాన్ని కోసినాడు.

సంహితతో పోల్చినప్పుడు భేదాలు స్పష్టం. అక్కడ చెక్కిలి, ఇక్కడ నుదురు. అక్కడ ఆకు, ఇక్కడ మైనం. అక్కడ ప్రారంభంలోనే నాళాలు, ఇక్కడ పదవనాడు గుడ్డ. సమానమైనది ఒకటే: జీవించే అనుబంధం. ఈ భేదాల వలన పూనా వైద్యుని విద్య సంహిత నుండి నేరుగా దిగివచ్చినదని చెప్పడం కుదరదు. పోల్చి చూడగా తేలేది ఇంతే: 18వ శతాబ్ది చివర ఈ కర్మకు ప్రసిద్ధుడైనవాడు మట్టితో పనిచేసే కులంవాడు. మట్టికీ మైనానికీ అలవాటుపడిన అతని వేళ్లకు ఆకారం ఇవ్వడం తెలుసు.

శాస్త్రం తెలిసి కర్మ తెలియనివానినీ, కర్మ తెలిసి శాస్త్రం తెలియనివానినీ సూత్రస్థానం ఒక రెక్క పక్షితో పోల్చింది. పూనాలో కనిపించినది ఒక రెక్క మాత్రమే. ఆ కర్మ క్రమం, కారణం, వైఫల్యం ఏ శిష్యపరంపరకూ అక్షరరూపంలో అందలేదు; పరాయి పత్రికకు చేరిన లేఖ వలన ప్రపంచానికి తెలిసింది. లండన్‌లో అంగవిద్య బోధించిన జోసెఫ్ కార్ప్యూ ఈ విధానాన్ని ముందు మృతకళేబరాలపై అభ్యసించి, 1814 అక్టోబరులో జీవించివున్న రోగిపై ప్రయోగించి, 1816లో గ్రంథంగా ప్రకటించినాడు. పేరు తెలియకపోయినా అతడు ఆచరించినది యోగ్యావిధినే.

ఆధునిక శిక్షణ

నేటి కర్ణ నాసా కంఠ వైద్యశిక్షణలో శంఖాస్థి ఛేదనాభ్యాసానికి ప్రత్యేక స్థానమున్నది. చెవి లోపలి సూక్ష్మభాగాలు ఈ ఎముకలో ఇమిడివున్నవి. ముఖనాడి దీని గుండానే పోతుంది. డ్రిల్లు ఒక మిల్లీమీటరు తప్పినా ముఖం వంకరపోవచ్చు. అందువలన స్నాతకోత్తర విద్యార్థి మృతదేహపు శంఖాస్థిని సూక్ష్మదర్శిని క్రింద పొరలు పొరలుగా తొలిచి, ముఖనాడిని గుర్తించి, దానిని గాయపరచకుండా ఆగడం నేర్చుకుంటాడు. 1953లో జైస్ సంస్థ శస్త్రచికిత్సా సూక్ష్మదర్శినిని వెలువరించిన తరువాత, జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్‌ల కృషితో కర్ణపటల పునర్నిర్మాణం వ్యాపించినది. సుశ్రుతునికి మధ్యకర్ణ శస్త్రకర్మ తెలియదు. దానిని అతనికి ఆపాదించనక్కరలేదు. అయితే పురుగు తొలిచిన కొయ్యపై ఏషణం అభ్యసించిన ప్రాచీన శిష్యునికీ, ఎముకపై డ్రిల్లు పట్టిన నేటి విద్యార్థికీ నియమం ఒకటే, సాధర్మ్యం. శంఖాస్థి దొరకనిచోట త్రిమితీయ ముద్రణతో చేసిన నమూనాలను వాడడం కూడా ఆ నియమానికి లోబడినదే.

2020 నవంబరులో కేంద్ర భారతీయ వైద్య మండలి ఆయుర్వేద శల్య, శాలాక్య స్నాతకోత్తర విద్యార్థులకు 58 శస్త్రకర్మలలో శిక్షణను నియమావళిలో పేర్కొన్నది. వానిలో 19 శాలాక్యానికి చెందినవి. దానిపై భారతీయ వైద్యసంఘం అదే సంవత్సరం డిసెంబరులో దేశవ్యాప్త నిరసన తెలిపింది. ఈ వివాదంలో ఒక పక్షం సంహిత ప్రాచీనతను, మరొక పక్షం ఆధునిక విద్యాప్రమాణాలను ఉదాహరించినవి. సంహితనే ప్రమాణంగా తీసుకొన్నా మొదట అడుగవలసిన ప్రశ్న యోగ్యను గురించినదే: ఏ కర్మను ఏ ద్రవ్యంపై, ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని మారులు అభ్యసించి విద్యార్థి రోగి వద్దకు వచ్చినాడు? గ్రంథంలో ఒక కర్మ వర్ణింపబడినది గనుక దానిని చేయు అధికారం వచ్చినదనే వాదాన్ని యోగ్యాసూత్రీయాధ్యాయమే నిరాకరిస్తున్నది. ఇదే ప్రశ్న ఏ వైద్యపద్ధతికి చెందిన శిక్షణాలయానికైనా వర్తిస్తుంది.

ఉపసంహారం

పై పరిశీలనం వలన ఈ అంశాలు తేలుతున్నవి. కర్ణసంధానానికి సుశ్రుత సంహిత ప్రత్యేక యోగ్యను విధించింది. నాసాసంధాన శ్లోకాలలోని సందిగ్ధపదాలకు కర్ణప్రకరణంలోని సానుబంధ శబ్దం సమాధానమిస్తుంది. నుదుటి చర్మంతో నాసాకల్పనం సంహితలో లేదు. గలశుండికా ఛేదనంలో కొలతను గ్రంథం, దాని ఆచరణను అభ్యాసం అందిస్తాయి. వీనికన్నిటికీ మూలం సాధర్మ్య నియమం.

ప్రాచ్యకళాశాలలలో ఈ అధ్యాయాలను వ్యాకరణ, వ్యాఖ్యాన దృష్టితో బోధించడం సహజం. వానితోపాటు ఒక సొరకాయ, రెండు కలువ తూడులు, దళసరి బట్ట అంచు తరగతి గదికి తేబడినచో యోగ్యాసూత్రీయంలోని ప్రతి పదం విద్యార్థికి ప్రత్యక్షమవుతుంది. సమీప వైద్యకళాశాలలోని కర్ణ నాసా కంఠ శస్త్రవైద్యునితో కలిసి 16వ అధ్యాయాన్ని ఒకసారి పఠించినచో 'బద్ధ', 'సానుబంధ', 'అర్ధశేష' శబ్దాలపై నేటికీ తెగని చర్చ కొంతైనా ముందుకు సాగగలదు.